ఎవరి యింటి యెదుట వారే
(కోటబొమ్మాళి సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సమయమున మన పూర్వులను తలంచుకొందము. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వి.ఎస్. అజరయ్యగారి కాలమున పల్లె ఉపదేశకుడు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, రాత్రి పెద్దలచేత ప్రార్థన చేయించెడివాడు. తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రభువు పేరిట దాచెడివారు. బీదవారే గుడిని, బడిని నిలబెట్టిరి. మన పొరుగున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. ఆయన మన మతస్థులు కారు. అయినను ఊరి బిడ్డల చదువు తన పనియే అనుకొనిరి.

మరి నేడు మనమేమనుచున్నాము? "అది గవర్నమెంటు బడి, గవర్నమెంటే చూసుకుంటుంది" అనుచున్నాము. స్తోమతు గలవారు పిల్లలను బస్సెక్కించి టౌను కాన్వెంటుకు పంపుచున్నారు. ఊరి బడిలో మిగులునది కూలి చేసికొను తల్లుల బిడ్డలు. అడిగేవారు లేని చోట బడి చిక్కిపోవును. ఆ బిడ్డలకు వేరొక బడి లేదు.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చదివి చూడండి. యెరూషలేము గోడను ఒక్క మేస్త్రీ కట్టలేదు. యాజకులు, కంసాలులు, వర్తకులు కట్టిరి. షల్లూము తన కుమార్తెలతో కట్టెను. అనేకులు తమ యింటి యెదుటి భాగమునే బాగుచేసిరి. తెకోవ పెద్దలు మాత్రము మెడ వంచలేదని కూడ వ్రాయబడియున్నది. అయినను యాబది రెండు దినములలో గోడ పూర్తియాయెను.

మనకు చట్టము కూడ తోడున్నది. 2009 విద్యా హక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు. సభ్యులలో సగము స్త్రీలు. బడి ఎట్లు నడుచుచున్నదో చూచుట, అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయినదో విచారించుట వారి పని. 2019 నవంబరులో మొదలైన మన బడి నాడు–నేడు పనులలో సొమ్ము తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే ఖర్చాయెను. లెక్క అడగకుండ సంతకము మాత్రము పెట్టిన చోట ఆ హక్కు కాగితము మీదనే మిగులును.

ఇక మనము చేయదగినవి. మీటింగు పగలు పెట్టిన కూలి తల్లికి దినకూలి పోవును; సాయంత్రము పెట్టుమని మాస్టారును మర్యాదగా అడుగుదము. వారమునకొక తల్లి బడికి వెళ్లి మధ్యాహ్న భోజనము రుచి చూడవలెను. మరుగుదొడ్డికి నీరు వచ్చుచున్నదా, ఆడపిల్లలకు తలుపు గడియ ఉన్నదా చూడవలెను. పిల్లవాడు మూడు దినములు రాకపోయిన ఆ వీధివారే వెళ్లి కారణము కనుగొనవలెను. వలస పోవు కుటుంబపు బిడ్డను అమ్మమ్మ యింటనో, హాస్టలులోనో ఉంచి చదువు సాగనీయవలెను. రాత్రులు మన గుడి హాలులో దీపము వెలిగించి, చదువుకొన్న యౌవనులు పాఠములు చెప్పవలెను.

ఒక్క హెచ్చరిక. ఆ హాలునకు అన్ని కులముల, అన్ని మతముల పిల్లలు రావలెను. అక్కడ పలకయే గాని ప్రసంగము వద్దు. బడికి మనము సంఘముగా గాక ఊరివారముగా వెళ్లుదము. తప్పు పట్టుటకు మాత్రమే వెళ్లిన మాస్టారు దూరమగును. మంచి చేసినప్పుడు మెచ్చుకొన్నవారి మాటయే, లోపము చెప్పినప్పుడు చెల్లును.

ప్రియులారా, శతవార్షికోత్సవమునకు గుడి గోడలకు సున్నము వేసితిమి, సంతోషమే. బడి గోడ కూడ మన యింటి యెదుటిదే. వచ్చే కమిటీ మీటింగునకు మనలో ప్రతి యింటినుండి ఒకరు వెళ్లుదురు గాక. ప్రభువు మన చేతి పనిని స్థిరపరచును గాక. ఆమేన్.