కిటికీని వాటాలేసి పంచుకోలేం

(విజయపురి సౌత్‌లో ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత ఇల్లు కూలుస్తారు. దూలాలు ఒకరికి, తలుపులు ఒకరికి, పెంకులు మరొకరికి పోతాయి. మరి దర్వాజల మీది రంగుటద్దాలు ఎవరికి? ఈ సభలో మమ్మల్ని మాట్లాడమన్నది దీని గురించే. నీళ్లు, నిధులు, కొలువుల గురించి మాట్లాడినవాళ్లకు అద్దాల ముచ్చట ఎందుకని ఎవరైనా అడగొచ్చు. మన సొత్తు విలువ మనం తేల్చుకోకపోతే ఇంకెవరో వచ్చి తేలుస్తారు. ఇన్నేళ్లుగా మనం ఊరూరా చెప్పిన మాట ఇదే కదా! ఆ మాట ఇంటి గడపకూ వర్తిస్తుంది.

ముందు సమస్య చెబుతాం. మనలో ఒక ఉద్యోగి మిత్రుని తాతల నాటి ఇల్లు నది అవతల, నల్లగొండ జిల్లాలో ఉంది. గోడలు నెర్రెలిచ్చాయి. ఆయన, తమ్ముడు, అక్క – ముగ్గురు వాటాదారులు. ముందు గది తలుపుల మీద ఆరు రంగుటద్దాల చట్రాలున్నాయి. అమెరికాలో ఉన్న తమ్ముడు 'నా వాటా రెండూ పంపండి' అంటున్నాడు. అక్క 'అవి ఊరు దాటొద్దు' అంటోంది. పాత సామాన్ల వ్యాపారి వచ్చి టేకు కట్టెకు ధర కట్టాడు, అద్దాలకు పైసా కట్టలేదు. వానాకాలం లోపు ఇల్లు దించాలి. ఏం చేయాలి?

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. నాగార్జునకొండకు లాంచీ ఎక్కే రేవు ఇక్కడే ఉంది. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఈ ఊరి పేరు అక్కడి నుంచి వచ్చిందే. 1926లో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు పునాది రాయి వేశారు. లోయ మునగడం ఖాయమైంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయంతా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, పటాలు గీసింది. తొమ్మిది కట్టడాలను తిరిగి నిలబెట్టారు. పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేశారు. కొన్ని కొండ మీద ఉన్నాయి, కొన్ని అనుపులో ఉన్నాయి. అంటే ముందు రాసుకున్నారు, తర్వాతే కదిలించారు. కదిలించినవాటిని కూడా ఆ లోయ చుట్టుపక్కలే ఉంచారు.

ఇదే కృష్ణ వెంట కిందికి పోతే అమరావతి. అక్కడ జరిగింది వేరు. పద్దెనిమిదో శతాబ్దం చివర స్తూపం రాళ్లను కొత్త కట్టడాలకు తవ్వుకుపోయారు. కొన్నిటిని సున్నానికి కాల్చారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1859లో వాటిలో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. నేడు అమరావతి శిల్పాల్లో చాలా వాటిని చూడాలంటే చెన్నైకి పోవాలి, బ్రిటిష్ మ్యూజియానికి పోవాలి. ఏ ఫలకం స్తూపంలో ఎక్కడ నిలిచిందో పండితులు తర్జనభర్జన పడాల్సి వచ్చింది. రాళ్లు మిగిలాయి, వాటి చిరునామా పోయింది!

ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. ఇక్ష్వాకుల రాళ్లకు కొండ దొరికింది. సాగర్ కింద మునిగిన పల్లెల ఇళ్లకు ఆ భాగ్యం లేదు. రాజుల కట్టడాన్ని సర్కారు కాపాడింది. రైతు ఇంటి దర్వాజను ఎవరు కాపాడాలి? ఆ ఇంటివాళ్లు, ఆ ఊరివాళ్లు. అందుకే ఆ ఆరు చట్రాల నిర్ణయం మన చేతుల్లో ఉంది.

రంగుటద్దాలన్నీ ఒకటి కావు. చాలా ఇళ్లలో ఒకే రంగు గాజు పలకను కట్టె చట్రంలో లప్పంతో బిగించి ఉంటారు. ఇంకో రకంలో చిన్న చిన్న గాజు ముక్కలను సీసం పట్టీలతో కలుపుతారు. గాజు మీద బొమ్మ గీసి కొలిమిలో కాలుస్తారు. మెదక్ చర్చిలో 1927, 1947, 1958 సంవత్సరాల మూడు కిటికీలు ఈ కోవలోవే. ఏ రకమైనా వెలుతురు వెనక నుంచి వస్తేనే రంగు పలుకుతుంది. అదే అద్దాన్ని గోడకు ఆనించి తగిలిస్తే నల్లటి పలకే. పెట్టెలో దాస్తే అదీ లేదు.

కాబట్టి చేయాల్సింది వరుసగా చెబుతాం. ఇల్లు నిలిచేదైతే అద్దాలను కదిలించొద్దు. కూల్చక తప్పకపోతే ముందు లోపలి నుంచి, బయటి నుంచి ఫొటోలు తీయండి. ఏ గది, ఏ దిక్కు, ఎన్నో తలుపు అన్నది రాసి, నంబరు చీటీని చట్రానికి కట్టండి. గాజును ఊడదీయొద్దు, చట్రంతో సహా దించండి. పడుకోబెట్టొద్దు, అంచు మీద నిలబెట్టండి. పడుకోబెడితే సీసం వంగుతుంది, గాజు పగులుతుంది. యాసిడ్‌తో కడగొద్దు, పీచుతో రుద్దొద్దు, గీసిన బొమ్మ లేచిపోతుంది. సీసం విషం. చేతికి తొడుగులుండాలి, పిల్లలు దగ్గరికి రాకూడదు.

ఇక చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం కట్టడం నుంచి వేరు చేసిన వస్తువును కూడా లెక్కలోకి తీసుకుంది. దానికి నూరేళ్లు నిండి ఉంటే అది పురావస్తువు కిందికి వస్తుంది. అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. తమ్ముడు తన వాటా అడగడంలో తప్పు లేదు. కానీ ఇల్లు కట్టిన ఏడు తేల్చకుండా అమెరికాకు పార్సిల్ కట్టడం తప్పే.

ఇప్పుడు పంపకం. 2014లో రాష్ట్రాలు వేరుపడ్డప్పుడు అప్పులను, నిధులను జనాభా లెక్కన 58.32, 41.68 శాతంగా పంచారు. డబ్బును అట్లా పంచొచ్చు. ఆరు చట్రాలు కలిస్తేనే ఒక వరుస. మనిషికి రెండు చొప్పున ఇస్తే ముగ్గురికీ ముక్కలే మిగులుతాయి, ఆ వరుస ఎవరికీ మిగలదు.

మా మాట ఇది. ఆరింటికీ ముగ్గురూ ఒప్పుకున్న విలువ కట్టుకోండి. వాటా కావాలన్నవాళ్లకు మిగతా ఆస్తిలో సర్దండి. అక్క మాటకు అన్నదమ్ముల మాటతో సమాన బరువు ఉండాలి. చట్రాలను ఆ ఊరి బడికో, గ్రంథాలయానికో ఒకే చోట ఇవ్వండి. ఎండ తగిలే కిటికీలకు బిగించి, వానకు కాపుగా బయటివైపు మామూలు అద్దం పెట్టించండి. విడదీయొద్దనీ, ఆ కట్టడం కూలితే తిరిగి ఇవ్వాలనీ కాగితం రాయించుకుని సంతకాలు పెట్టించండి. కింద ఇంటి పేరు, దించిన ఏడు రాసిన పలక ఉండాలి. తమ్ముడికి నిలువెత్తు ఫొటోలు పంపండి. ఊరికి వచ్చినప్పుడు ఆయన తన పిల్లలను తీసుకుపోయి అసలువే చూపించుకోవచ్చు. బడి వద్దంటే, ముగ్గురిలో ఎవరు ఆ ఊళ్లో ఇల్లు కడితే వాళ్ల గోడలో అమర్చండి. అమ్మకం ఆఖరి మాట. అమ్మినా ఆరూ కలిపి, రసీదుతో అమ్మండి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊళ్లో కూలబోతున్న పాత ఇళ్ల దర్వాజలు, కిటికీలు లెక్క రాయండి. చేతిలో ఫోన్ ఉంది, ఫొటో తీయండి. ఉద్యోగ మిత్రులు ఆ లెక్కను పంచాయతీ రికార్డుల్లో చేర్పించండి. అమరావతి రాళ్లు పోయాక లెక్కలు కట్టాల్సి వచ్చింది. మన ఇళ్ల లెక్క కూల్చక ముందే రాద్దాం.