గుండు ఎత్తినోడే మొనగాడు

మన కర్నూలు, కడప పల్లెల్లో రచ్చకట్ట పక్కన నున్నటి గుండురాయి కనబడుతుంటుంది. దాన్ని మోకాళ్లదాకా లేపి, తొడమీద ఆనించి, ఒక్క ఊపున భుజానికెత్తినోడే మొనగాడు. వాడికి పొట్టుందా లేదా అని ఎవరూ చూడలేదు. సంగటి తిన్న ఒంటికి సిక్స్‌ప్యాక్ పలకలెందుకు?

ఇప్పుడు కొలత మారింది. 2018లో ‘అరవింద సమేత’ సినిమాలో జూనియర్ ఎన్టీఆర్ చొక్కా లేకుండా సీమ పోరులోకి దిగాడు. ఆ ఒంటి వెనక నెలల కసరత్తుంది, లెక్కపెట్టిన తిండుంది. మన పిల్లోడేమో జిమ్ అద్దం ముందు చొక్కా పైకెత్తి, ఊపిరి బిగబట్టి చూసుకుంటాడు. వదలగానే దిగులు.

ఎంత కండ పెరిగినా బక్కగానే ఉన్నాననిపిస్తే అదొక మానసిక సమస్య. అమెరికా వైద్యుడు హారిసన్ పోప్ బృందం 1997లో దానికి ‘మజిల్ డిస్మార్ఫియా’ అని పేరు పెట్టింది. కండ తొందరగా పెంచాలని కొందరు స్టెరాయిడ్ సూదులకు దిగుతారు. ఆ సూదుల్లోని మగ హార్మోను బయటినుంచి అందుతుంటే ఒళ్లు సొంత తయారీ తగ్గించేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, గుండెకూ ముప్పే. మగతనం కోసం వేసుకున్న సూది చేసే నిర్వాకం ఇది!

కసరత్తు మానమనడంలేదు. గుడ్డు, పప్పు, శనగలు, కంటినిండా నిద్ర ఉంటే కండ నిదానంగానైనా వస్తుంది. అయినా అద్దం పీడిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.