అంగన్‌వాడీలో విరేచనాలు: చేతుల దగ్గరే ఆపుదాం

మీ ఊరి అంగన్‌వాడీకి ఇరవై మంది పిల్లలు వస్తున్నారనుకుందాం. సోమవారం ఒక పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. గురువారానికి మరో అయిదుగురు మంచం పట్టారు. దిష్టి తగిలిందంటారు కొందరు, పళ్లు వస్తున్నాయంటారు మరికొందరు. అసలు జరిగినదేమిటో చూద్దాం.

పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ముఖ్య కారణాల్లో రోటావైరస్ ఒకటి. జబ్బుపడిన బిడ్డ మలంలో ఇది కోట్ల సంఖ్యలో ఉంటుంది. మరో బిడ్డకు సోకడానికి కొద్దిపాటి కణాలు చాలు. పాపను కడిగిన చేయి, పాప ఆడుకున్న బొమ్మ, బిందెలో ముంచిన గ్లాసు, అన్నం వడ్డించే చేయి - ఇదే దాని దారి. జబ్బు తగ్గాక కూడా కొన్నాళ్లు వైరస్ వెలువడుతూనే ఉంటుంది. కనుక ఒక్క బిడ్డను దూరంగా కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు.

ఒట్టి నీళ్లతో కడిగితే చాలదా? చాలదు. చేతి మీది జిడ్డులో క్రిములు అంటుకుని ఉంటాయి. సబ్బు అణువు ఒక కొస జిడ్డును, మరో కొస నీటిని పట్టుకుంటుంది. రుద్దితే జిడ్డుతోపాటు క్రిములూ ఊడివస్తాయి. రోటావైరస్ సబ్బుకు తేలిగ్గా చావదు, పారే నీటిలో కొట్టుకుపోతుంది. అందరి చేతులూ ఒకే పళ్లెంలో ముంచితే జబ్బును పంచిపెట్టినట్టే! కుళాయి లేకపోతే చెంబుతో పోయండి. 20 సెకన్లు రుద్దించండి.

రెండు వేళలు మరవకండి: బిడ్డను కడిగిన తర్వాత, అన్నం ముట్టుకునే ముందు. ఇది పిల్లలకే కాదు, టీచరుకూ ఆయాకూ వర్తిస్తుంది. బిందెలో గ్లాసు ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటె వాడండి. బొమ్మలను సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి.

రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా వేయిస్తారు. విరేచనాలకు వేరే క్రిములూ కారణమే కనుక, టీకా వేయించినా సబ్బు మానకూడదు.

జబ్బుపడిన బిడ్డను విరేచనాలు ఆగేదాకా ఇంటి దగ్గరే ఉంచడం మంచిది. కానీ కూలికి వెళ్లే తల్లికి అది ఒక రోజు కూలి పోవడమే. అందుచేత ఆమెను మందలించకండి. ఓ.ఆర్.ఎస్. కలిపే పద్ధతి చూపండి, 14 రోజుల జింకు మాత్రల సంగతి చెప్పండి, తల్లిపాలూ తిండీ ఆపవద్దనండి. కళ్లు లోతుకుపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి పంపండి.

రేపు అన్నం వడ్డించే ముందు మీ కేంద్రంలో సబ్బు ఎక్కడుందో ఒకసారి చూడండి. పిల్లల చేతికి అందేచోట ఉందా?