తెల్లగడ్డ: ఆహారమా, ఔషధమా?



మా పెనుకొండ సీమలో వెల్లుల్లిని తెల్లగడ్డ యందుము. రాగిసంగటికి జతయగు వేరుసెనగ ఊరుబిండిలో నాలుగు తెల్లగడ్డ రెబ్బలు పడనిదే రుచి యుండదు. ఇటీవల దీనిని చక్కెర వ్యాధికిని, రక్తములోని కొలెస్టరాలుకును మందుగా నెంచి, పరగడుపున పచ్చి రెబ్బలు తినువారు కలరు. తినుటలో దోషము లేదు. అదియే చాలునని తలచి, వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రలు మానుటయే ప్రమాదము.

ధర్మవరమున దినమంతయు మగ్గము ముందు కూర్చుండు నేతగానికిని, హిందూపురమున అంగడిలో కూర్చుండు వర్తకునికిని ఒడలికి కదలిక తక్కువ. అట్టివారికి ఈ రెండు చిక్కులును కలుగు నవకాశ మెక్కువ. కావున విషయమును నిదానముగా విచారింతము.

పచ్చి రెబ్బలో అల్లియిన్ అను గంధక పదార్థమును, అల్లినేజ్ అను ఎంజైమును వేరువేరుగా నుండును. రెబ్బను నలిపినప్పుడు ఆ రెండును కలిసి అల్లిసిన్ పుట్టును. మన మెరిగిన ఘాటు దానిదే. అమెరికా రసాయనవేత్తలు కావలిటో, బెయిలీ అనువారు 1944లో దీనిని వేరుచేసి చూపిరి. నలుపని రెబ్బను మరుగుచున్న చారులో వేసినచో ఎంజైము వేడికి చెడిపోవును. దంచి, కొన్ని నిమిషములుంచి, పిమ్మట వండుట మేలు.

ఇక ఫలితముల మాట. కొవ్వు తిన్న పిదప రక్తమున కలుగు మార్పులను వెల్లుల్లి తగ్గించునని ఉదయపూర్ వైద్యుడు అరుణ్ బోర్డియా 1973లో ప్రకటించెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 192 మందికి ఆరు నెలలు పచ్చి వెల్లుల్లినో, వెల్లుల్లి మాత్రలనో, ఉత్తుత్తి మాత్రలనో ఇచ్చి పరీక్షించిరి. చెడు కొలెస్టరాలులో భేదము కానరాలేదని 2007లో తేల్చిరి. 2013లో 39 పరీక్షలను కలిపి చూచినప్పుడు, కొలెస్టరాలు 200 మిల్లీగ్రాములు దాటినవారు రెండు నెలలకు మించి వాడినచో మొత్తము కొలెస్టరాలు సుమారు 17, చెడు కొలెస్టరాలు సుమారు 9 మిల్లీగ్రాములు తగ్గినట్లు కనబడెను. వైద్యులిచ్చు స్టాటిన్ మాత్రలు చెడు కొలెస్టరాలును నూటికి ముప్పది పాళ్లు, అంతకు మించియు తగ్గింపగలవు. భేదము మీకే తెలియును.

చక్కెర విషయమున సాక్ష్యము ఇంకను బలహీనము. పరగడుపు చక్కెర కొద్దిగా తగ్గినట్లు కొన్ని పరీక్షలు చెప్పుచున్నవి. మెట్‌ఫార్మిన్ వంటి మందునకు గాని, ఇన్సులినుకు గాని అది బదులు కాజాలదు. ఇన్సులిను అవసరమైనవారు దానిని మానినచో ప్రాణమునకే ముప్పు.

మరియొక హెచ్చరిక. తెల్లగడ్డ రక్తము గడ్డకట్టుటను కొంత మందగింపజేయును. ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడువారును, శస్త్రచికిత్సకు పోవువారును తాము దీనిని అధికముగా తినుచున్న సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. కడుపులో మంట గలవారు పచ్చి రెబ్బలు మానుట మంచిది.

తెల్లగడ్డను నిత్యము కూరలోను, ఊరుబిండిలోను తినుడు. దినమునకు అరగంట నడువుడు. మూడు నెలలకొకమారు రక్తపరీక్ష చేయించుకొని, చక్కెర తగ్గినను, తగ్గకున్నను ఆ చీటీని వైద్యునకు చూపుడు. మాత్ర తగ్గింపవలెనా, మానవలెనా యనునది ఆయన నిర్ణయింపవలసిన మాట.