మూసీ ప్రాజెక్టు చేపలు, మన సంఘం కిస్తీలు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో రామంతాపూర్ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



అప్పుల వసూళ్ళ గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఆ లెక్కలు రిపోర్టు వెనక పేజీల్లో ఉన్నాయి, చదువుకోవచ్చు. నేను ఒక్క అప్పు గురించే మాట్లాడతాను. అది చేపల అప్పు.

మా సంఘంలో ఇద్దరు చేపలమ్ముతారు. తెల్లారగట్ల నాలుగింటికి రాంనగర్ మార్కెట్‌కు పోయి, ఆటోలో గంపలు వేసుకొని ఏడింటికల్లా వచ్చి కూర్చుంటారు. మార్కెట్‌లో కైకలూరు, ఆకివీడు వైపు నుంచి లారీల మీద ఐసులో వచ్చే చేపలు కూడా బాగానే దిగుతాయి. కానీ కొనే వాళ్ళు మొదట అడిగేది ధర కాదు. "ఏ నీళ్ళవమ్మా? మూసీవి కావు కదా?" అని. వీళ్ళు "సాగర్‌వి సార్" అంటారు. ఎక్కడివైనా అదే జవాబు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చినట్టు అయితది. ఎందుకంటే నా తల్లిగారిల్లు మూసీ ప్రాజెక్టు పక్కనే. మా నాయిన ఆ నీళ్ళలో వల వేసే మమ్మల్ని పెంచిండు. ఇప్పుడు మా అన్న వేస్తున్నాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. సోలిపేట దగ్గర మూసీ నదికి అడ్డంగా కట్టిన డ్యామ్ అది. 1954లో మొదలుపెట్టి 1963లో పూర్తి చేశారు. 4.46 టీఎంసీల నీళ్ళు పడతాయి. కుడి, ఎడమ కాలువల కింద సుమారు 30 వేల ఎకరాలు పారుతది. వరి కోసం కట్టిన ప్రాజెక్టు. చేపలు పట్టేవాడు ఎప్పుడూ కాలువ గేటు దిక్కు చూసి బతకాలె. యాసంగికి నీళ్ళు వదిలితే లోపల నీళ్ళు గుంజుకుపోతయి, చేప దగ్గరికి చేరతది, వలకు బాగా పడతది. మరీ ఎక్కువ గుంజితే మిగిలేది బురదే. చిన్నప్పుడు మా నాయిన రైతుల కంటే ముందు కాలువ సంగతి అడిగి తెలుసుకునేటోడు.

2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వ, మోసు. చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల. పెద్ద నీళ్ళలో పెద్ద చేపల నోటికి దొరకకుండా బతకాలంటే ఆ మాత్రం సైజు ఉండాలె. మా అన్న ధైర్యం చేసి, వదిన సంఘంలో అప్పు తీసుకొని కొత్త వలలు, థర్మాకోల్ తెప్ప చేసుకున్నాడు.

2019 అక్టోబరు 5. తెల్లారితే సద్దుల బతుకమ్మ. నేను పిల్లలతో తల్లిగారింటికి పోయి ఉన్నాను. ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయిందని ఊరంతా ఉరికింది. కట్ట మీద నిలబడి చూస్తే, చెవులు పడిపోయే సప్పుడు. నీళ్ళతో పాటు మా అన్న ఏడాది బతుకు కిందికి పోయింది. కింది ఊళ్ళ వాళ్ళు గంపలకు గంపలు చేపలు పట్టుకున్నారు. వాళ్ళ పండుగ అదే, ఏం చేస్తాం. గేటు మళ్ళీ పెట్టారు, నీళ్ళు మళ్ళీ వచ్చాయి. కానీ చేప అంత తొందరగా పెరగదు. కిస్తీ మాత్రం నెల తిరగ్గానే వచ్చింది. వదిన ఏడాది పాటు కూలికి పోయి కట్టింది.

ఇంక నీళ్ళ సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మన నగరం నడుమ నుంచి పోయి, మన రామంతాపూర్ పక్క నుంచే నాగోలు దిక్కు పోతది. అంబర్‌పేట మురుగు శుద్ధి ప్లాంటు ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్లది. శుద్ధి కాకుండా పోయేది వేరే. ఎండాకాలంలో కూడా మూసీ పారుతుందంటే అవి ఎక్కువగా మనం వదిలిన నీళ్ళే. అందుకే పక్క చెరువులు ఎండినా మూసీ ప్రాజెక్టులో నీళ్ళుంటాయి. మా అన్న "కరువొచ్చినా మీ పట్నం మాకు నీళ్ళు పంపుతది, ఎసొంటి నీళ్ళో అడగొద్దు" అని నవ్వుతాడు. మొదటి వానకు నగరం కడిగిన నీళ్ళు దిగినప్పుడు చేపలు గాలి అందక నోళ్ళు పైకి పెడతాయట.

మన రామంతాపూర్ పెద్ద చెరువులో కూడా చేపలు పట్టేవాళ్ళని, దాని కింద వరి పండేదని మా అత్తమ్మ చెప్తది. నా పిల్లలు నమ్మరు.

రెండేళ్ళ కింద మా అన్న 30 కిలోల చేపలు తెచ్చిండు. మా సంఘం చెల్లెలి గంపలో పెట్టించాను. ఒకాయన అదే ప్రశ్న వేసిండు. ఆమె "సాగర్‌వి" అంది. నేను పక్కనే ఉండి, అబద్ధమెందుకని, "మూసీ ప్రాజెక్టువి, మా అన్న పట్టినవే" అన్నాను. ఆయన పోయిండు. ఆయన వెనక నలుగురు పోయారు. మధ్యాహ్నానికి సగం ధరకు ఇచ్చేశాం. నా నిజం ఖర్చు ఆమె మీద పడింది. ఆ నెల కిస్తీ తప్పింది. మీటింగులో జరిమానా రాసింది కూడా నేనే, లీడరును కాబట్టి. ఆమె పట్టీలు కుదువ పెట్టి కట్టింది. నాకు ఆ తర్వాత తెలిసింది. జరిమానా పైసలు నేను ఇస్తానంటే తీసుకోలేదు.

మా అన్న కూడా మాట అన్నాడు. "మీ నీళ్ళే మా దగ్గరికి వస్తయి. ఆ నీళ్ళ చేప మాత్రం మీకు పనికి రాదా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ చేప తినొచ్చని గానీ, తినొద్దని గానీ చెప్పడానికి నేనెవరిని? బొచ్చె నీళ్ళ పైభాగంలో తింటది, మోసు అడుగున బురదలో తింటది, రెండూ ఒక్కటి కావు. మత్స్యశాఖ వాళ్ళు రకం వారీగా పరీక్ష చేసి ఆ కాగితం మార్కెట్‌లో అంటిస్తే, కొనే వాళ్ళూ అమ్మే వాళ్ళూ బాగుపడతారు. సమాఖ్య తరఫున ఆ అర్జీ పెట్టాలని నా మొదటి కోరిక.

రెండోది మన చేతిలో ఉన్నదే. చేపలమ్మే వాళ్ళ కిస్తీ పన్నెండు నెలలూ ఒకే తీరుగా ఉండొద్దు. శ్రావణంలో ఎవరు కొంటారు? కార్తీకంలో? ఆ రెండు నెలలు సగం కిస్తీ కట్టించుకుందాం. మృగశిర కార్తెకు చేప దొరకనంత గిరాకీ ఉంటది, ఆ నెల ఎక్కువ కట్టించుకుందాం. ఏడాది మొత్తం అదే, వడ్డీ అదే. బ్యాంకు అప్పుకు కుదరకపోతే, కనీసం మన సొంత పొదుపులోంచి ఇచ్చే అప్పుకైనా చేద్దాం. ఇందిరా మహిళా శక్తి కింద సంఘాలకు చేపల బండ్లు ఇస్తున్నారు. రేపు మన సమాఖ్యకు ఒకటి వస్తే దాని కిస్తీ కూడా ఇట్లనే లెక్క కట్టాలె.

తీర్మానం పుస్తకం తెచ్చాను. సంతకాలకు ముందు ఒక్క మాట. ఆ చెల్లెలు ఈ రోజు గంప దించి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. మైకు ఆమెకు ఇవ్వండి, మిగిలింది ఆమె చెప్తది.