గట్టిగా అరవమన్న గురువు



మాది దాచేపల్లి. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పక్కింటావిడ వచ్చి కూచుంది. "అక్కయ్యా, మా పిల్ల ఖోఖో జట్టులో చేరతానంటోంది. పెద్దమనిషైన పిల్లకి పదిమందిలో ఆ పరుగులేమిటి, ఆ కేకలేమిటి? మాన్పించేస్తున్నాను" అంది. నాకు గుండె కలుక్కుమంది. ఎనిమిదో తరగతిలో మా అమ్మా సరిగ్గా ఈ మాటే అంది. నేను నోరెత్తకుండా ఆట మానేశాను.

ఆవిడకు ఒక గురువుగారి సంగతి చెప్పాను. అదే మీకూ చెబుతాను, వినండి.

పుల్లెల గోపీచంద్‌గారు మనకు దూరపువారేం కాదు. 1973లో ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర బాడ్మింటన్ నేర్చుకున్నారు. మోకాలు దెబ్బతిని, ఆపరేషన్లు చేయించుకుని, అయినా పట్టు వదలక 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక మళ్ళీ మనవాళ్ళకది దక్కడం అప్పుడే. అంత పేరొచ్చాక సుఖంగా కూచోవచ్చు కదా! ఆయన మాత్రం పిల్లలకు నేర్పాలనుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. 2008లో అది తయారైంది. తెల్లవారుజామున, మనం ఇంకా పాలపాకెట్టు అందుకోక ముందే, అక్కడ ఆట మొదలు.

బడి వయసులోనే అక్కడికి వచ్చింది పి.వి. సింధు. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవారే. అమ్మాయిని రోజూ అంత దూరం తీసుకొచ్చి, తీసుకుపోయేవారు. పిల్ల పొడగరి, బుద్ధిమంతురాలు, కష్టపడుతుంది. లోపమల్లా ఒక్కటే. కోర్టులో నోరు విప్పదు! పాయింటు గెలిచినా మౌనమే. ఎదుటి మనిషికి అది బెదురులా కనిపిస్తుంది. గురువుగారు ఒకరోజు తోటి ఆటగాళ్ళందరి ముందు కోర్టు మధ్యలో నిలబెట్టి, "గట్టిగా అరిస్తేగాని రాకెట్ ముట్టుకోవద్దు" అన్నారు. ఆ పిల్ల ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆ కేక మనమంతా టీవీలో విన్నాం. ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే. అంతకు నాలుగేళ్ళ ముందు, 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చిన సైనా నెహ్వాల్ కూడా ఆయన శిష్యురాలే. గురువుగారికి 2009లోనే ద్రోణాచార్య అవార్డు వచ్చింది.

ఇక్కడ మనం ఒక్క మాట ఆలోచించుకోవాలమ్మా. షటిల్ కొట్టడం నేర్పడానికి గురువు కావాలి, సరే. నోరు విప్పడం కూడా ఆయనే నేర్పాల్సి వచ్చిందంటే, మన ఆడపిల్లల నోళ్ళు మూయిస్తున్నదెవరు? "మెల్లగా మాట్లాడు, మెల్లగా నడు" అని పొద్దస్తమానం చెప్పేది మనమే కదూ? ప్రతి పిల్లా సింధు కాదు, నిజమే. కానీ బస్సులో ఎవడైనా వెకిలివేషం వేస్తే గట్టిగా అరవగలిగే గొంతు ప్రతి పిల్లకీ కావాలి. ఆ గొంతు ఆటస్థలంలో తయారవుతుంది.

నామాట విని పక్కింటావిడ, "ఆయన్నడిగి చెబుతాలే అక్కయ్యా" అంది. "ముందు పిల్లనడుగు" అన్నాను.

మీరూ అడగండి. సాయంత్రం ఒక గంట ఇంటిపని తగ్గించి పిల్లను ఆటకు పంపండి. ఆ గంట పని నాన్నగారూ, అన్నదమ్ములూ అందుకుంటే ఇంటికేమీ లోటు రాదు.

సెలవు.