అయిదు నదుల శీలావతి
(ఖరగ్‌పూరు తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను సాహిత్య విద్యార్థిని, జీవశాస్త్రజ్ఞుడను కాను. అయినను నేడు చేపను గూర్చి ప్రసంగింప సాహసించుచున్నాను. మన శీలావతినే వంగ సోదరులు రుయి యందురు. కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెరిగిన శీలావతి మంచుపెట్టెలలో ఒదిగి, లారీలపై ఒరిస్సాను దాటి, ఈ ఊరి మీదుగా కలకత్తా వైపు పోవుచుండును. మన వెనుకనే వచ్చిన ఆంధ్ర ప్రవాసి అది.

ఈ చేప నిలకడ నీటి చెరువులో గ్రుడ్లు పెట్టదు. పూర్వము వానకాలమున నదులలో పిల్లలను పట్టి చెరువులకు తెచ్చెడివారు. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, చెరువు చేపలచేతనే గ్రుడ్లు పెట్టించిరి. అది గొప్ప వరము. కాని వరముతో బాటు ఒక చిక్కును వచ్చినది. పెద్ద చేపకు మంచి వెల. దానిని అంగడికి పంపి, మిగిలిన చిన్నవానినే తల్లిచేపలుగా ఉంచుకొన్నచో తరతరమునకు ఎదుగుదల తగ్గును. ఒకే తల్లి పిల్లలను మరల మరల జతపరచినచో సత్తువ సన్నగిల్లును. విత్తనపు ధాన్యమును వండుకొని తాలును చల్లినట్లే గదా!

దీనికి విరుగుడు భువనేశ్వరము చెంత కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థలో వెలసినది. 1992లో నార్వే శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో పని ఆరంభమైనది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల శీలావతులను తమ క్షేత్రపు చేపలతో కలిపిరి. ఒక్కొక్క జంట పిల్లలను మొదట వేరుగా పెంచి, పిదప ఒంటిలో అతిచిన్న గుర్తును చొప్పించి, అన్నిటిని ఒకే చెరువున విడిచిరి. నీరొక్కటే, మేత యొక్కటే. కావున ఎదుగుదలలో వంశము పాలెంతయో లెక్కకు అందినది. చేప బరువునే గాక దాని తోబుట్టువుల బరువును గూడ చూచి తల్లిదండ్రులను ఎంచిరి. దగ్గరి చుట్టరికము గలవానిని జతపరుపరైరి. తరమునకు సగటున సుమారు 17 శాతము చొప్పున ఎదుగుదల హెచ్చినది. 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమున, దీనికి జయంతి యని పేరిడిరి. రెండు కన్నులును ఒక ప్రక్కనే గల టర్బట్ అను చదును చేపయందును ఐరోపాలో ఇట్టి ఎంపికయే సాగినది.

అయితే ఈ ఫలము శాశ్వతము కాదు. మేలుజాతి పిల్లను తెచ్చుకొన్నవాడు మరల పాత దారినే త్రొక్కినచో, కొన్ని తరములలో అదియు మామూలు చేపయే యగును. నదులలోని మూలజాతి నశించినచో రేపు మరల ఎంచుకొనుటకు మూలధనమే యుండదు. కావున చెరువును కాపాడుట యెంతయో నదిని కాపాడుటయు నంతే.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో చెరువులు గల బంధువులు మనలో పెక్కురకు గలరు. సెలవులకు పోయినప్పుడు వారిని ఒక్క మాట యడుగుడు: “పిల్ల ఎక్కడిది? తల్లి ఎట్టిది?” అంగడిలో మనము బరువును, తాజాదనమును చూతుము. చెరువు గట్టున చూడవలసినది వంశము.